చూడలేదు అనుట తప్పగునా?

"చూడలేదండీ", "వినబడలేదు", "ఏదో పరధ్యానములో ఉన్నాను" అను మాటలు మన ఇండ్లలో రోజుకు ఎన్నిసార్లు వినబడుచున్నవో లెక్కపెట్టినవారు లేరు. పొయ్యిమీద పాలు పొంగిపోయినప్పుడు, దిగవలసిన స్టాపు దాటి బస్సు వెళ్లిపోయినప్పుడు, పిల్లవాడు ప్రశ్నపత్రము రెండవవైపు తిప్పి చూడకుండ లేచి వచ్చినప్పుడు చెప్పుకొనునది ఇదే. వినువారిలో కొందరు "పోనీలే, మనిషన్నాక జరుగును" అందురు. మరికొందరు "శ్రద్ధ ఉంటే ఎందుకు కనబడదు?" అని నిలదీయుదురు. ఈ ఇద్దరిలో న్యాయమెవరివైపు ఉన్నది? మనస్సునకు పట్టునదే కొంచెమైనప్పుడు, పట్టని దానికి మనిషిని తప్పు పట్టవచ్చునా? ప్రియ పాఠకులారా, ఈసారి మనము కలిసి ఆలోచింపగోరునది ఈ ప్రశ్ననే.

మొదట మనస్సునకు పట్టునది ఎంతో తెలిసికొందము. మన శరీరపు బరువులో మెదడు నూటికి రెండు వంతులు మాత్రమే. అయినను మనము తిన్న తిండి నుండి వచ్చు శక్తిలో సుమారు ఐదవ వంతు అదే ఖర్చు చేయుచున్నది. ఇంత ఖర్చు గల పనిముట్టు ప్రతిదానిని సమముగా చూడజాలదు, ఏరుకొనక తప్పదు. 1953లో కోలిన్ చెర్రీ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు మనుష్యుల రెండు చెవులలో రెండు వేర్వేరు మాటలు వినిపించి, ఒక చెవిలోని మాటలను మాత్రము వెంటవెంటనే పైకి చెప్పుమన్నాడు. వారు చక్కగా చెప్పగలిగిరి. కాని రెండవ చెవిలో ఏమి వినబడినదని అడిగిన యెడల, అది మగ గొంతో ఆడ గొంతో చెప్పగలిగిరి గాని, మధ్యలో భాష ఇంగ్లీషు నుండి జర్మనుకు మారిన సంగతియే వారికి తెలియలేదు. ఆరేండ్ల తరువాత నెవిల్ మొరే అను మరియొకరు ఆ రెండవ చెవిలో వినువాని పేరునే పలికించి చూచినప్పుడు, ముగ్గురిలో ఒకరు మాత్రమే దానిని పట్టుకొనిరి. తన పేరు తన చెవిలోనే పలికినను ముగ్గురిలో ఇద్దరికి వినబడలేదన్నమాట. ఇది విన్న తరువాత, పత్రిక చదువుచున్న భర్త రెండుసార్లు పిలిచినా పలుకలేదని అలిగిన భార్య కొంచెము క్షమింపవచ్చును. కొంచెమే.

కంటి సంగతియు అంతే. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షబ్రీ అను ఇద్దరు ఒక చిన్న వీడియో చూపించిరి. తెల్ల చొక్కాలవారు కొందరు, నల్ల చొక్కాలవారు కొందరు బంతి విసురుకొనుచుందురు. ఒక జట్టువారు ఎన్నిసార్లు విసిరిరో లెక్కించుటే చూచువారి పని. మధ్యలో గొరిల్లా వేషము వేసికొన్న మనిషి నడిచి వచ్చి, గుండెలు బాదుకొని వెళ్లిపోవును. చూచినవారిలో సుమారు సగము మందికి ఆ గొరిల్లా కనబడనే లేదు. లెక్క తెలియనివారు గదా, నిపుణులైతే చూడకపోదురా అని అనుకొనవచ్చును. అందుచేత 2013లో మరికొందరు పరిశోధకులు 24 మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల స్కానులు ఇచ్చి గడ్డలను వెదకుమనిరి. స్కానులో ఒక గొరిల్లా బొమ్మ ఉన్నది. వారు వెదకు గడ్డకు 48 రెట్లు పెద్దది. 24 మందిలో 20 మంది దానిని చూడలేదు. వారి కన్నులు ఎక్కడెక్కడ తిరిగినవో యంత్రముతో కొలిచి చూడగా, చూడనివారిలో ఎక్కువ మంది కన్నులు సరిగ్గా ఆ బొమ్మ మీదనే నిలిచినవి. కన్ను చూచినది, మనిషి చూడలేదు.

ఇక ఒకేసారి మనస్సులో పట్టియుంచగల సంగతులు ఎన్ని? 1956లో జార్జి మిల్లర్ ఏడు, ఒకటి రెండు అటు ఇటు అని చెప్పిరి. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను సరిచూచి, కలిపి జ్ఞాపకముంచుకొను కిటుకులు తీసివేసిన యెడల నాలుగే అని చెప్పిరి. నాలుగు! ఇంటి నుండి బజారుకు వెళ్లువానికి ఐదవ వస్తువు చెప్పి పంపునప్పుడు ఈ మాట తలంచుకొనుట మంచిది.

ఇక్కడ తెలుగువారు ఒక ఆక్షేపణ తేవచ్చును. "మన అష్టావధానులు ఎనిమిది పనులు ఒకేసారి చేయుదురు గదా! తిరుపతి వేంకట కవులు అష్టావధానములే గాక శతావధానములు కూడ చేసిరి గదా!" ఆక్షేపణ మంచిదే, ఏలయనగా అవధానము అను మాటకు అర్థమే ఏకాగ్రత. కాని అవధాన సభ ఎట్లు జరుగునో నిదానించి చూడుడి. పృచ్ఛకులు వరుసగా కూర్చుందురు. సమస్య ఇచ్చువారొకరు, దత్తపది ఇచ్చువారొకరు, ఈ అక్షరము కూడదని అడ్డుపడు నిషిద్ధాక్షరివారొకరు. అవధాని ఒక్కొక్కరి వద్దకు వచ్చి ఒక్కొక్క పాదము చెప్పి, ఇంకొకరి వద్దకు వెళ్లును. నాలుగు ఆవృత్తములు తిరిగిన తరువాత పద్యములన్నిటిని ధారణ చేసి ఒప్పగించును. అనగా ఆయన ఎనిమిది పనులు ఒకేసారి చేయుటలేదు. ఒక దానిని భద్రముగా పెట్టి, రెండవ దానిని తీసికొని, మరల మొదటి దానికి వచ్చుచున్నాడు. ఆ పెట్టుట, తీయుటయే ఆయన విద్య. దానికి ఏండ్ల తరబడి సాధన కావలెను. మరియొక సంగతి. ఆ సభలో ఎవరి వంతు వచ్చువరకు వారు కాచుకొని ఉందురు. ఇష్టము వచ్చినప్పుడు అడ్డుతగులుటకు అధికారము గలవాడు ఒక్కడే, అప్రస్తుత ప్రసంగము చేయువాడు. గంట కొట్టువాడు నడుమ నడుమ కొట్టినను మాట్లాడడు.

ఇప్పుడు ఉదయము ఏడు గంటలకు మన వంటయింటిని చూడుడి. పొయ్యిమీద పాలు. ఇంకొక పొయ్యిమీద పోపు. నీళ్లు వచ్చు వేళ. పిల్లదానికి జడ. పిల్లవాని సాక్సు ఒకటే దొరికినది. "నా తువ్వాలు ఎక్కడ?" అని ఒక కేక. ఫోను మ్రోగుచున్నది. మామగారి మాత్ర తిండికి ముందా, తరువాతా? ఈ సభలో పృచ్ఛకులకు వరుస లేదు. ఎనిమిది మందియు అప్రస్తుత ప్రసంగమువారే. పాలు పొంగిన తరువాత "ఒక్క పాలగిన్నె చూచుకొనలేవా?" అని అడుగుదురు. ఒక్క పాలగిన్నెనైతే ఆమె చూచుకొనియుండును. 2009లో సోఫీ లెరాయ్ అను ఆమె పరిశోధించి చూపినదేమనగా, ఒక పని ముగియకుండ ఇంకొక పనికి మారినప్పుడు మొదటి పని మనస్సులో కొంత మిగిలిపోయి, రెండవ పనికి పూర్తిగా దిగనీయదు. కేక వేసినవానికి తువ్వాలు దొరికినది. ఆ తువ్వాలు ఖరీదు పాలగిన్నెలో పడినది. అయినను లెక్క ఆమె పేరనే వ్రాయబడుచున్నది; ఇది న్యాయము కాదని మేము తలంచుచున్నాము.

అలవాటైన పని కొంత తేలికపడునన్నది నిజమే. సైకిలు నేర్చిన దినమున పడిపోకుండుటకే మనస్సంతయు సరిపోవును; నెల తరువాత పాట పాడుచు త్రొక్కుదుము. చదువు కూడ అంతే. 1935లో జాన్ స్ట్రూప్ అను ఆయన రంగుల పేర్లను వేరు రంగు సిరాతో అచ్చువేసి, అక్షరము చదువక సిరా రంగు చెప్పుమన్నాడు. చెప్పువారు తడబడిరి, ఏలయనగా చదువు వచ్చినవాడు చదువకుండ ఉండలేడు. 'ఎరుపు' అని ఆకుపచ్చ సిరాతో వ్రాసి మన ఇండ్లలో చూడవచ్చును. తాత తడబడును. తమిళ బడిలో, మరాఠీ బడిలో చదివి తెలుగు అక్షరములు నేర్వని మనుమడు టక్కున ఆకుపచ్చ అని చెప్పును. ఈ ఒక్క పోటీలో వాడు గెలుచుట చూచి సంతోషింపవలెనో, దుఃఖింపవలెనో మాకు తెలియదు.

దీనినే తిరగవేసి చూచిన యెడల క్రొత్తగా వలస వచ్చినవారి కష్టము తెలియును. శ్రీకాకుళము నుండి, పాలమూరు నుండి క్రొత్తగా దిగిన మనిషికి బస్సు బోర్డు చదువుట పనియే, చిల్లర లెక్కించుట పనియే, ఎదుటివాడు అన్న మాట ప్రశ్నయో తిట్టో గ్రహించుట పనియే. కన్నడ దేశములో అక్షరము కొంత దయ చూపును గాని, తమిళ, ఒడియా అక్షరముల వద్ద ఆ దయ లేదు. ఊరివారికి అలవాటుతో జరిగిపోవునదంతయు అతడు మనస్సు పెట్టి చేయవలెను. సాయంత్రమునకు అతనిని "మందకొడివాడు, చెప్పినది పట్టుకొనడు" అందురు. అతడు మందకొడివాడు కాడు. అతని నాలుగు గదులు ఉదయమే నిండిపోయినవి.

అట్లయిన యెడల పరధ్యానము ఎప్పుడును తప్పు కాదా? అట్లనుటకు మేము సిద్ధముగా లేము. అరిస్టాటిల్ తన నీతి గ్రంథములో ఈ చిక్కును ఎత్తుకొన్నాడు. తెలియక చేసినదానికి మనిషిని శిక్షింపము. కాని ఆ తెలియకపోవుటకు అతడే కారకుడైతే శిక్షింతుము. త్రాగి తప్పు చేసినవానికి రెండింతలు శిక్ష విధించు చట్టమును ఆయన ఉదాహరించును. త్రాగిన తరువాత వానికి తెలివి లేదు, నిజమే. కాని త్రాగకముందు ఉన్నది గదా! తప్పు పడిన క్షణములో గాక, అంతకుముందటి క్షణములో దానిని వెదకవలెనని ఆయన భావము. ఇది మాకు సరియైన త్రోవగా తోచుచున్నది.

ఫోను మాటలాడుచు బండి నడుపువాని విషయములో ఇది స్పష్టముగా కనబడును. 1997లో రెడెల్‌మెయర్, టిబ్‌షిరానీ అను ఇద్దరు కెనడాలోని టొరంటోలో ప్రమాదములు జరిగిన 699 మంది డ్రైవర్ల ఫోను లెక్కలు పరిశీలించి, ఫోనులో ఉన్న సమయమున ప్రమాదము నాలుగు రెట్లు ఎక్కువని తేల్చిరి. విశేషమేమనగా, చేతిలో పట్టుకొనక మాటలాడినను ప్రయోజనము కనబడలేదు. చిక్కు చేతిలో లేదు, మనస్సులో ఉన్నది. మన దేశములో 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము చేతిలో ఫోను పట్టి నడుపుటను ప్రమాదకరమైన డ్రైవింగులో చేర్చినది. చెవిలో తీగ పెట్టుకొన్నవాడు మాత్రము తాను చట్టమును, ప్రాణమును రెండింటిని కాపాడుకొంటినని తలంచును. "అడ్డము వచ్చిన ముసలమ్మను నేను చూడనేలేదు" అని అతడు చెప్పునది అబద్ధము కాకపోవచ్చును. ఆ క్షణములో అతడు నిజముగా చూడలేదు. అయినను ఫోను ఎత్తిన క్షణములో అతనికి ఎంపిక ఉన్నది. ఇంకొక మాట కూడ చెప్పవలెను. బండిలో ప్రక్కన కూర్చున్నవాడు రోడ్డు ఇరుకైనప్పుడు తానే మాట ఆపును, "చూసి, చూసి" అనును. ఫోనులో ఉన్నవానికి రోడ్డు కనబడదు. కనుక అతడు "బండిమీద ఉన్నావా?" అని అడుగక మాట సాగించిన యెడల, ఆ తప్పులో కొంత పాలు అతనికిని కలదు. మన కుటుంబములు నాలుగు రాష్ట్రములలో చెదరియున్నవి. డ్యూటీ నుండి ఇంటికి వచ్చు వేళకే ఫోను చేయుట మనకు అలవాటు. ఆ వేళ ఎదుటివాడు రోడ్డు మీదనే ఉండును.

అరిస్టాటిల్ త్రోవలో ఇంకొంచెము నడిచిన యెడల ఒక క్లిష్టమైన చోటికి వచ్చెదము. అంతకుముందటి క్షణము తన చేతిలో లేనివాని సంగతి ఏమి? భివండిలో, షోలాపురములో మనవారు సాంచాల మీద పనిచేయుచున్నారు. ఒక్కొక్కరు నాలుగేసి, ఆరేసి సాంచాలు చూచుకొనుట సాధారణము. ఇక్కడ కండె అయిపోవుచుండగా అక్కడ పడుగు పోగు తెగును. ఒకటి చూచునంతలో రెండవదానిలో గుడ్డ చెడును. చెడిన గుడ్డకు కూలిలో కోత. షిఫ్టు పండ్రెండు గంటలు. అందులో రాత్రి షిఫ్టు ఒకటి. మనిషి కనిపెట్టి చూచుశక్తి ఎంతసేపు నిలుచునో శాస్త్రజ్ఞులు ఎన్నడో కొలిచిరి. యుద్ధకాలములో రాడారు తెర చూచువారు జలాంతర్గాముల గుర్తులను తప్పిపోవుట ఎందుకని నార్మన్ మాక్‌వర్త్ అను ఆయన పరిశోధించి, 1948లో ఫలితములు ప్రకటించిరి. అరగంట దాటునప్పటికే చూపు సన్నగిల్లినది. వారు సైనికులు, యౌవనస్థులు. వారు కూర్చుండి ఒకే ముల్లును చూచుచుండిరి. మనవారు ఆ మ్రోతలో నిలువబడి ఆరింటిని చూచుచున్నారు. ఎన్ని సాంచాలు ఇవ్వవలెనో, ఎన్ని గంటలు నిలువవలెనో నిర్ణయించినది కార్మికుడు కాడు. కాబట్టి ఆ కోత ఎవరి కూలిలో నుండి పోవలెను? "అతడు ఒప్పుకొని చేరినాడు గదా" అందురు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు నెత్తిమీద ఉన్నప్పుడు ఒప్పుకొనుటను ఎంపిక అనుట, త్రాగువాని ఎంపికతో దానిని సమానము చేయుటయే. యజమానులకును కష్టములున్నవి, వారిలో మన తెలుగువారే అనేకులు. వారిని దూషించుట మా ఉద్దేశము కాదు. కాని మనిషికి పట్టనంత పని ఇచ్చి, పట్టలేదని కోత కోయుట ఒకే చేతితో రెండు దెబ్బలు కొట్టుట కాదా?

చివరకు, వస్తువులను గాక మనుష్యులను చూడకపోవుట అను సంగతి ఉన్నది. ఆ గొరిల్లా వీడియోలో ఇంతకుముందు చెప్పని విశేషమొకటి కలదు. నల్ల చొక్కాలవారిని లెక్కించినవారికి నల్లని గొరిల్లా ఎక్కువగా కనబడినది. తెల్ల చొక్కాలవారిని లెక్కించినవారికి తక్కువ. మనము దేనికొరకు వెదకుచున్నామో దానిని పోలినది మాత్రమే మన కంటబడును. మన కూడికలు ముగిసిన తరువాత గుమ్మము వద్ద చూచిన యెడల ఇది తెలియును. కమిటీవారు కమిటీవారిని వెదకుదురు, ఒక ఊరివారు ఆ ఊరివారిని. సంబంధములు చూచువారికి పెండ్లీడు పిల్లలే కనబడుదురు. నిన్న రైలు దిగి, చెప్పులు ఎక్కడ విడువవలెనో తెలియక గోడ ప్రక్కన నిలువబడినవాడు ఎవరి లెక్కలోను లేడు. ఎవరును అతనిని తృణీకరింపలేదు. ఎవరికిని కనబడలేదు, అంతే. అయితే అతనికి ఆ రెంటికి తేడా తెలియునా?

ఈ విధమైన చూపు గురించి ఐరిస్ మర్డాక్ అను రచయిత్రి 1970లో వచ్చిన 'ది సావరెన్టీ ఆఫ్ గుడ్' అను పుస్తకములో ఆలోచించెను. ఆమె తీసికొన్న ఉదాహరణ మనకు మిక్కిలి దగ్గరది: అత్తాకోడండ్రు. అత్తకు కోడలు మోటుగా, అల్లరిగా, తన కొడుకునకు తగనిదిగా తోచును. పైకి మాత్రము ఏమియు అనదు, మర్యాదలో లోపము చేయదు. కొంతకాలమునకు ఆమె తనలో తాను, నేను పాతకాలపుదానను, నాకు అసూయ కూడ ఉన్నదేమో, మరియొకసారి చూచెదను అనుకొనును. చూడగా చూడగా మోటుతనము నిష్కపటముగా, అల్లరి ఉల్లాసముగా కనబడును. బయట ఏమియు మారలేదు. అయినను అత్త ఒక పని చేసినది, అది నీతికి సంబంధించిన పనియే అని మర్డాక్ వాదము. సిమోన్ వెయ్ అను ఫ్రెంచి తత్వవేత్త నుండి ఆమె ఈ 'చూపు' అను భావమును తీసికొన్నట్లు తానే చెప్పుకొన్నది.

వాదము మాకు నచ్చినది. అయినను భివండిలో ఒంటిగది ఇంటిలో నివసించు అత్తను తలంచుకొన్న యెడల ఒక సందేహము కలుగుచున్నది. మరియొకసారి చూచుటకు ఆమెకు ఖాళీ కావలెను గదా. నీళ్ల వరుసలో నిలువవలెను, బీడీలు చుట్టవలెను, మనుమని బడికి దిగబెట్టవలెను. ఆమె నాలుగు గదులు నిండియున్నవి. కోడలు ఆమె కంటికి చీపురు సరిగా పెట్టని చేయిగా మాత్రమే కనబడును. మంచి చూపునకు మంచి మనస్సు మాత్రమే చాలదు, కొంత విరామము కూడ కావలెను. ఆ విరామము ఇంటిలో ఎవరికి ఉన్నదో, ఎవరికి లేదో చూడవలెను. మర్డాక్ ఉదాహరణలో కొడుకు ఉన్నాడు గాని, పేరుకు మాత్రమే ఉన్నాడు. ఆయన ఏ పనియు చేసినట్లు కనబడదు. మన ఇండ్లలో ఆయన నీళ్ల బిందెలు పట్టుకొని వరుసలో నిలువబడిన యెడల, తల్లికి ఉదయమున అరగంట మిగులును.